చేతికి తెలిసింది కాగితం మీదికి

ఇంజన్ టాపెట్లు సరిచేసే మెకానిక్ చేతిలో పల్చటి ఉక్కు రేకు ఒకటి ఉంటుంది. దాన్ని ఫీలర్ గేజ్ అంటారు. రేకు మందం ఎంతో దాని మీదే చెక్కి ఉంటుంది. వాల్వు కొసకూ రాకర్ ఆర్మ్‌కూ మధ్య సందులో ఆ రేకును దూర్చి, ముందుకూ వెనక్కూ లాగుతూ స్క్రూ తిప్పుతాడు. నట్టు బిగించాక మళ్లీ ఒకసారి లాగి చూస్తాడు. రేకు జారిపోతే సందు ఎక్కువైనట్టు, కదలకపోతే తక్కువైనట్టు. కాస్త పట్టి పట్టి రావాలి. ఆ పట్టు ఎంతో మాత్రం ఏ రేకు మీదా చెక్కి ఉండదు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పనికి చేరిన కుర్రాడు దాన్ని చదివి నేర్చుకోడు. మేస్త్రి చేసి చూపిస్తాడు, కుర్రాడు బిగిస్తాడు, ఇంజన్ టకటకమంటే మళ్లీ విప్పుతాడు. కొన్నాళ్లకు వేళ్లకు తెలుస్తుంది.

ఈ పని ఎలా చేస్తారో రాయమని డిగ్రీ చదివిన వాళ్లను అడిగితే చాలామంది, తగిన సందు ఉండేటట్లు సర్దుబాటు చేయవలెను అని రాస్తారు. వ్యాకరణ దోషం లేదు. కానీ ఆ వాక్యంలో వేళ్లు లేవు, లాగడం లేదు, తప్పితే ఏమవుతుందో లేదు. మన విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటి వచనం ఇలాగే ఉంటుంది. ఎవరు చేశారో తెలియదు, ఎక్కడ చూశారో తెలియదు, ఎంత నమ్మాలో తెలియదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్యంపై నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపు ఉంటే తప్పు పట్టరు, 60 శాతం దాటితే పరిశోధకుడి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మంచి నిబంధనే. అరువు తెచ్చుకున్న వాక్యాన్ని సాఫ్ట్‌వేర్ పట్టుకోగలదు. ఖాళీ వాక్యాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ లేదు. దాన్ని పట్టుకోవడం రాసేవాళ్లకే రావాలి.

ఆ విద్య ఎక్కడ దొరుకుతుంది? పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకాల్లో కొంత దొరుకుతుంది. అంతకంటే గట్టిగా దొరికే చోటు ఒకటుందని మా నమ్మకం. నాట్యం నేర్చుకుంటూ, శరీరం ఎలా నేర్చుకుంటుందో పరిశీలిస్తూ, ఆ పరిశీలనను పరిశోధనగా రాసే విద్యార్థుల దగ్గర. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగంలోనూ, కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠంలోనూ అలాంటి విద్యార్థులు ఉన్నారు. వాళ్ల కష్టం ప్రత్యేకమైనది. వాళ్లకు తెలిసినది మోకాట్లో ఉంటుంది, మెడలో ఉంటుంది, ఊపిరిలో ఉంటుంది. కాపీ కొట్టడానికి పుస్తకం లేదు. ఉన్నదున్నట్టు చూసి రాయడం తప్ప దారి లేదు.

నాట్యంలో అరమండి అనే నిలుపునే తీసుకుందాం. మోకాళ్లు వంచి నిలబడటం అని రాసి, దాన్ని నాట్యం తెలియని స్నేహితురాలికి ఇచ్చి నిలబడమనండి. ఆమె మోకాళ్లు ముందుకు వంచుతుంది, నడుము వెనక్కి పోతుంది. వాక్యం చాల్లేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. పాదాలు పక్కలకు తిరిగి ఉండాలని చేర్చాలి. మోకాళ్లు పాదాల వేళ్లున్న దిక్కుకే విచ్చుకోవాలని చేర్చాలి. వీపు నిటారుగా ఉండాలి. తొడ తిరగాల్సింది తుంటి కీలు దగ్గర, మోకాలి దగ్గర కాదు. ఈ చివరి మాట రాయకపోతే చదివి చేసేవాళ్ల మోకాలు దెబ్బతింటుంది. ఇలా ఒక్కొక్క మాటా చేరుతుంటే, ఎక్కువైన మాటలు వాటంతటవే బయటపడతాయి. సౌందర్యభరితమైన, అద్భుతమైన, అనిర్వచనీయమైన అని రాసిన చోట స్నేహితురాలు ఏమీ చేయలేక ఆగిపోతుంది. విద్యార్థి వాటిని కొట్టేస్తుంది. ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత వచ్చే ప్రశ్న ఇంకా గట్టిది. ఎంత కిందికి కూర్చోవాలి? ఒక గురువు దగ్గర లోతుగా కూర్చోబెడతారు, మరొకరి దగ్గర అంత లోతు అడగరు. కూచిపూడి ఊళ్లో భాగవతులు నిలిచిన తీరుకూ, వెంపటి చినసత్యం మద్రాసులో తీర్చిదిద్దిన తీరుకూ తేడా ఉంది. అప్పుడు అరమండి ఇలా ఉంటుంది అని రాయడానికి చెయ్యి ఆడదు. ఫలానా గురువు దగ్గర, ఫలానా కాలంలో, నాకు ఇలా నేర్పారు అని రాయాల్సి వస్తుంది. ఆధారం చూపడం ఎందుకో, మాటకు హద్దు పెట్టుకోవడం ఎందుకో ఆ క్షణాన అర్థమవుతుంది. వంద పుటల పద్ధతుల పాఠం చెప్పేది ఇదే. కానీ అక్కడ అది నియమంగా వస్తుంది, ఇక్కడ అవసరంగా వస్తుంది.

ఆటోనగర్ పక్క నుంచి పోయే బందరు రోడ్డునే పట్టుకొని కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రులో చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి వస్తుంది. పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ ఆ పక్కనే. కూచిపూడిలో తరాల తరబడి చదువు గురువు నోటి జతికీ శిష్యుడి కాలికీ మధ్య సాగింది. బందా కనకలింగేశ్వరరావు చొరవతో 1950ల చివర్లో అక్కడ సిద్ధేంద్ర కళాక్షేత్రం వచ్చింది, తర్వాత అది తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. దాంతో ఇంటి చదువు సర్టిఫికెట్లూ పరీక్షలూ ఉన్న చదువైంది. పరీక్ష అన్నాక రాతపరీక్ష ఉంటుంది. కాళ్లతో చెప్పగలిగినవాళ్లు కాగితం ముందు కూర్చోవాల్సి వచ్చింది. దీన్ని నష్టంగా చూసేవాళ్లున్నారు. మేం అలా చూడం. రాయడం వల్ల నాట్యం పోదు. చెడ్డగా రాస్తే మాత్రం నాట్యానికి మచ్చ మిగులుతుంది.

నిజానికి శరీరాన్ని శాస్త్రవచనంలో పెట్టడం ఈ కృష్ణా తీరానికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, జాయప. దివిసీమను ఏలిన అయ్య వంశం వాడు. అతని అక్కచెల్లెళ్లు నారాంబ, పేరాంబ గణపతిదేవుడి రాణులు. యుద్ధాలు చూసిన ఆ సేనాని 1253-54లో నృత్తరత్నావళి అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగింటిలో భరతుడి మార్గం, అంటే అప్పటికే శాస్త్రంలో ఉన్నది. చివరి నాలుగింటిలో దేశి. పేరిణి, దండరాసకం, కందుకం, చిందు లాంటివి, తన కాలంలో జనం ఆడుతున్నవి. జాయప చేసిన ఈ విభజన మీద మన పరిశోధక విద్యార్థులు కాసేపు ఆగాలి. పూర్వులు చెప్పినది ఒకచోట, తాను చూసినది వేరొకచోట. రెండూ కలిపేయలేదు. పూర్వుల మాటకు గౌరవం తగ్గలేదు, తాను చూసినదానికి సిగ్గుపడలేదు. ఇప్పటి సిద్ధాంత గ్రంథాల్లో పూర్వరచనల సమీక్ష అని ఒక అధ్యాయం, క్షేత్ర పరిశీలన అని ఇంకో అధ్యాయం ఉంటాయి. వాటి మధ్య గోడ ఎందుకు కావాలో జాయపకు తెలిసినంత స్పష్టంగా తెలిసి రాసేవాళ్లు తక్కువ.

ఆ గ్రంథాన్ని 1965లో వి. రాఘవన్ పరిష్కరించి ప్రకటించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. ఈ మధ్యకాలంలో పప్పు వేణుగోపాలరావు, యశోదా ఠాకూర్ ఇంగ్లీషులోకి తెచ్చారు. నటరాజ రామకృష్ణ అయితే దాన్ని తిరిగి శరీరాల మీదికే తెచ్చారు. నృత్తరత్నావళి చదివి, రామప్ప గుడి శిల్పాల భంగిమలు చూసి, పేరిణిని మళ్లీ నిలబెట్టి, 1985 శివరాత్రికి ఆ రామప్ప గుడి దగ్గరే ఆడించారు. ఏడు వందల ఏళ్ల తర్వాత ఒక వాక్యాన్ని చదివి కాలు కదపగలిగారంటే ఆ వాక్యం ఎంత గట్టిదో ఆలోచించండి. అలాగని వాక్యమొక్కటే చాల్లేదు కూడా. రాయి మీది భంగిమ కావాల్సి వచ్చింది, ఆంధ్ర దేశపు దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతుల స్త్రీల చేతుల్లో, కళ్లల్లో మిగిలి ఉన్న అభినయం చూసిన కళ్లు కావాల్సి వచ్చాయి. రాసినవాడు ఎంత నేర్పరి అయినా కొంత శరీరంలోనే మిగిలిపోతుంది. ఎక్కడ మిగిలిపోయిందో గుర్తుపెట్టి రాయగలిగితే, తర్వాత వచ్చేవాళ్లు దాన్ని ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు.

ఇంకొకరి పేరు తలవాలి. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ తెలియని వాళ్లు తక్కువ. ఆ ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అని, చీరాల పేరాల ఉద్యమ నాయకుడని, రామదండు కట్టాడని తెలిసినవాళ్లూ ఉన్నారు. పెనుగంచిప్రోలులో 1889లో పుట్టిన ఆ మనిషి, ఎడింబరోలో చదువుకునే రోజుల్లో ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారని తెలిసినవాళ్లు మాత్రం నాట్యరంగం బయట అరుదు. మిర్రర్ ఆఫ్ జెశ్చర్ పేరుతో 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని వేసింది. వాళ్లు ఆధారం చేసుకున్న మూలం తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. నాట్యాన్ని చులకన చేస్తూ మాట్లాడటం చదువుకున్నవాళ్లలో గౌరవంగా చెలామణి అవుతున్న రోజులవి. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా యువకుడొకడు చేతివేళ్ల వంపుల గురించి ప్రపంచ పండితులు చదివే వచనం రాయడానికి కూర్చున్నాడు. జాతీయోద్యమంలో ఆయన చేసిన పనికి ఇది తక్కువ పని కాదని అనిపిస్తుంది.

అభినయ దర్పణం రాసిన పద్ధతిలోనే ఒక పాఠం ఉంది. ఒంటిచేతి ముద్రలు 28, జంటచేతుల ముద్రలు 23. ప్రతి ముద్రకూ ముందు లక్షణం చెబుతారు, తర్వాత వినియోగం. పతాకం అంటే వేళ్లన్నీ చాచి కలిపి, బొటనవేలు వంచాలి. అంతవరకు లక్షణం. నాట్యం మొదలుపెట్టడానికి, మేఘాన్ని చూపడానికి, అడవిని చూపడానికి, వద్దనడానికి దాన్ని వాడతారు. ఇది వినియోగం. చెయ్యి ఎలా ఉందో చెప్పాకే దాని అర్థం చెప్పడం. మన విద్యార్థులు తరచూ తడబడేది ఈ వరుస దగ్గరే. ఒక భంగిమను చూసీ చూడగానే అది స్త్రీ వేదనకు ప్రతీక అనో, భక్తికి పరాకాష్ఠ అనో రాసేస్తారు. చెయ్యి ఎక్కడుందో, చూపు ఎటుందో రాయరు. చదివేవాడికి ఆ అర్థంతో ఏకీభవించడానికీ దారి లేదు, విభేదించడానికీ దారి లేదు. లక్షణం రాసి ఉంటే, లేదండీ, ఆ చూపు నాకు కోపంలా కనిపిస్తోంది అని ఎవరైనా అనగలరు. చర్చ అక్కడ మొదలవుతుంది. పరిశోధన అనేది ఆ చర్చే కదా.

రాత వల్ల నాట్యానికి ఏం జరుగుతుందో చూపే ఘట్టం ఒకటి 1958లో ఉంది. ఆ ఏడాది ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ అఖిల భారత నాట్య సదస్సు పెట్టింది. అక్కడికి ప్రదర్శనలతోపాటు పత్రాలూ వెళ్లాలి. కూచిపూడి తరఫున విస్సా అప్పారావు పత్రం సమర్పించారు. ఆయన భౌతికశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు, క్షేత్రయ్య పదాలను సేకరించిన పండితుడు. కూచిపూడి ప్రత్యేకమైన శాస్త్రీయ నాట్యమా, భరతనాట్యానికే ఒక శాఖా అన్న ప్రశ్న అక్కడ తేలలేదు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ మరో సదస్సు పెట్టి, వాదాన్ని మళ్లీ కూర్చుకుంది. రాత్రంతా పందిట్లో భామాకలాపం ఆడే కళాకారులకు గుర్తింపు రావడానికి వాళ్ల ఆట ఒక్కటే చాల్లేదు, దాని గురించి వాదించే వచనం కావాల్సి వచ్చింది. అందుకు ఆ తరం పండితులకు మనం రుణపడి ఉన్నాం.

కానీ ఆ వచనానికి ఒక వెల కూడా పడింది. శాస్త్రీయతను నిరూపించడం లక్ష్యమయ్యాక, శాస్త్రంలో దొరికినదంతా ముందుకొచ్చింది, దొరకనిది వెనక్కి పోయింది. కళావంతుల ఇళ్లలో తరాలుగా బతికిన అభినయానికి కూచిపూడి చరిత్రలో ఎంత వాటా ఉందన్న ప్రశ్న చాలాకాలం అడగనే లేదు. ఆ ఇళ్ల స్త్రీల గుడి సేవలను 1947 మద్రాసు దేవదాసీ చట్టం ఆపేసింది. 2012లో అచ్చయిన దవేశ్ సోనేజీ పుస్తకం అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్‌లో గోదావరి తీరపు కళావంతుల కుటుంబాల స్త్రీలు కనిపిస్తారు. బయట ఆడటం మానేసి దశాబ్దాలైనా, ఇంట్లో తలుపులు మూసుకొని పదం పాడుకుంటూ చేతులు కదిపిన స్త్రీలు. ఏ దస్తావేజూ దాచనిదాన్ని వాళ్ల చేతులు దాచాయి. ఆ చేతులను చూసి రాయగలిగిన పరిశోధకుడు ఉండబట్టి ఆ చరిత్ర చదవగలుగుతున్నాం.

ఇటీవల మరో రెండు పుస్తకాలు వచ్చాయి. హర్షిత మృతింటి కామత్ 2019లో ప్రకటించిన ఇంపర్సొనేషన్స్, కూచిపూడి గ్రామంలో పురుషులు స్త్రీవేషం కట్టడం గురించి. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకొని రంగం మీదికి వచ్చిన వైభవం మన పెద్దలకు గుర్తే. ఆ వేషం కట్టే హక్కు ఎవరికి ఉండింది, ఎవరికి లేకపోయింది, ఊళ్లో ఆడపిల్లలకు దాని వల్ల ఏం మిగిలింది అని కామత్ అడుగుతుంది. రమ్య పుచ్చా 2022లో తెచ్చిన ది డాన్సర్స్ వాయిస్, నర్తకి బొమ్మ ఎక్కడ చూసినా ఉండి, నర్తకి మాట ఎందుకు వినిపించదని అడుగుతుంది. ఇద్దరూ విదేశాల్లో పనిచేస్తున్న తెలుగు మూలాల పరిశోధకులు, ఇద్దరూ కూచిపూడి నేర్చుకున్నవాళ్లు. వాళ్ల నిర్ధారణలు కొందరికి నొప్పి కలిగించాయి. ఒప్పుకోనక్కర్లేదు. అయితే వాళ్ల రాత నుంచి మన విద్యార్థులు తప్పక నేర్చుకోవలసింది ఒకటుంది. తాము ఎక్కడ నిలబడి చూస్తున్నారో దాచరు. ఏ శరీరంతో నేర్చుకున్నారో, ఏ గుమ్మం దగ్గర ఆగిపోయారో చెప్పి ముందుకు వెళ్తారు. నేను అనే మాట పరిశోధనలో రాకూడదని మన దగ్గర ఇంకా చెబుతున్నారు. శరీరం గురించి రాసేటప్పుడు నేను లేకపోతే సాక్షి లేనట్టే. ఆ సాక్ష్యానికి హద్దు ఎంతో చెప్పడం కూడా ఆ నేను పనే.

శరీరం నేర్చుకున్నది సహజం కాదు, సమాజం నేర్పినది అని మొదట గట్టిగా చెప్పినవాళ్లలో ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ ఒకరు. 1934లో పారిస్‌లో ఆయన ఇచ్చిన ఉపన్యాసంలో మొదటి ప్రపంచయుద్ధం నాటి సంగతి ఒకటుంది. ఇంగ్లీషు సైనికులు ఫ్రెంచి పారలతో తవ్వలేకపోయారట. ఒక దళం స్థానంలో మరో దేశపు దళం వచ్చినప్పుడల్లా డివిజన్‌కు 8,000 పారలు మార్చాల్సి వచ్చింది. పార పట్టడం అందరికీ ఒకటే అనుకుంటాం. భుజం, మణికట్టు, పాదం ఒక్కో దేశంలో ఒక్కోలా నేర్చుకొని ఉంటాయి. మోస్ గొప్ప సిద్ధాంతం దగ్గర మొదలుపెట్టలేదు. పార దగ్గర, ఈత దగ్గర, నడక దగ్గర మొదలుపెట్టాడు. ఇప్పటికీ నాట్యాన్నీ విద్యనూ శరీరాన్నీ కలిపి చదివే విద్యార్థులు ఆ ఉపన్యాసం దగ్గరికి వెళ్తున్నారంటే, పార ఉండబట్టే వెళ్తున్నారు.

ఆ మాట విన్నాక ఆటోనగర్‌ను ఇంకోలా చూడాలనిపిస్తుంది. ఇక్కడి షెడ్లకు అర్ధశతాబ్దం దాటిన చరిత్ర ఉంది. లారీ బాడీ కట్టే వడ్రంగులు, కమాన్ కట్టలు (లారీ కింది స్ప్రింగు పట్టీలు) విప్పి మళ్లీ కూర్చేవాళ్లు, లేత్ మీద షాఫ్టు తిప్పేవాళ్లు, టింకరింగ్ చేసేవాళ్లు, పెయింటర్లు, పక్కపక్కనే ఉంటారు. సొట్టపడిన రేకును వెనక నుంచి దిమ్మె ఆనించి ముందు నుంచి సుత్తితో కొడుతూ, కంటితో కాక అరచేత్తో తడిమి చదును చూసే పద్ధతి ఒక్కటి చాలు, ఒక అధ్యాయానికి సరిపడా ఆలోచన అందులో ఉంది. సిలిండర్ హెడ్ బోల్టులు ఒకేసారి బిగించకుండా, మధ్య నుంచి బయటికి, ఒకదానికి ఎదురుగా మరొకటి, విడతలు విడతలుగా బిగించడానికి కారణం ఉంది. వరసగా ఒక పక్క నుంచి బిగిస్తే హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ కారుతుంది. కారణం తెలిసిన మేస్త్రి ఉన్నాడు. దాన్ని తెలుగులో, కొత్తవాడు చదివి చేయగలిగేటట్టు రాసిన వచనం అరుదు. కళలో నాలుగు అడవుల (నాట్యంలోని మొదటి అడుగుల) గురించి అయినా రాశాం. చేతిపనిలో ఆ మాత్రం కూడా రాయలేదు.

ఇలాంటి ప్రయత్నం వేరే దేశాల్లో చూడవచ్చు. చికాగో విశ్వవిద్యాలయంలో రాజకీయ తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న మాథ్యూ క్రాఫర్డ్ మోటార్‌సైకిల్ రిపేరు షాపు పెట్టుకొని, ఆ పని గురించి 2009లో షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్ రాశాడు. అయితే అంత దూరం పోకుండానే, ఈ బందరు రోడ్డు చివరే ఒక పాత ఉదాహరణ ఉంది. 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. చదువుతోపాటు చేతిపనులూ నేర్పాలన్నది వాళ్ల పట్టుదల. బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చి అక్కడ చిత్రకళ నేర్పారు, అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. ఎడింబరో నుంచి తిరిగొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూడా కొంతకాలం ఆ కళాశాలలో పనిచేశారు. ముద్రల గురించి రాసిన మనిషి, మగ్గం పక్కన పాఠం జరిగే బడిలో. ఆ కలయిక మళ్లీ ఎందుకు జరగకూడదు?

జరగడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ఆటోనగర్‌ను ఆనుకొనే కానూరులో 1977 నుంచి ఇంజనీరింగ్ చదువు నడుస్తోంది. కూచిపూడిలో నాట్యంలో పట్టభద్రులున్నారు. మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. ఈ మూడింటి మధ్యా ఒక సెమిస్టరు పాటు ఒకే పాఠం పెట్టవచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థి కూచిపూడి వెళ్లి మొదటి అడవు నేర్చుకొని రాయాలి. నాట్య విద్యార్థిని ఆటోనగర్ వచ్చి ఒక పని నేర్చుకొని రాయాలి. తనకు కొత్తదైన పనిలో కాలూ చెయ్యీ తడబడినప్పుడు మనిషికి పరిశీలన పదునెక్కుతుంది, అలవాటైన పనిలో అది మొద్దుబారుతుంది. అందుకే ఈ అటూ ఇటూ మార్పిడి. తెలుగులోనే రాయాలి. షెడ్డులో వాడే మాటలే వాడాలి, స్పానర్ స్పానరే, కమాన్ కమానే. ముందు లక్షణం, తర్వాత వినియోగం. విన్నది వేరు, చూసింది వేరు, తాను చేసి తెలుసుకున్నది వేరు అని మూడూ విడిగా.

దిద్దడం ఎలా అన్నదే ఇందులో ముఖ్యం. విద్యార్థి రాసిన పుటను ఇంకో విద్యార్థి చేతికిచ్చి, అది తప్ప వేరే సాయం లేకుండా ఆ పని చేయమనాలి. మేస్త్రి పక్కనే నిలబడి చూడాలి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ వాక్యం మళ్లీ రాయాలి. కూచిపూడి నాట్యాచార్యులూ అరుగు మీద కూర్చొని అలాగే చూడాలి. కొన్నిచోట్ల ఎన్నిసార్లు తిరగరాసినా చెయ్యి ఆగుతుంది, టాపెట్ దగ్గర రేకు పట్టులాగా. అక్కడ, ఇది పక్కన ఉండి నేర్చుకోవలసింది, ఇంతకంటే రాతకు అందలేదు అని విద్యార్థి స్పష్టంగా రాయాలి. ఆ పుటకు మార్కులు తగ్గించకూడదు, ఎక్కువ వేయాలి.

మొదటి ఏడాదికి పది పనులు చాలు. టాపెట్ సర్దడం, హెడ్ బిగించడం, కమాన్ కట్ట కూర్చడం, సొట్ట తీయడం, లారీ బాడీకి చెక్క కోయడం ఐదు. తట్టు, మెట్టు, అరమండి, పతాకం, భామ నడక ఐదు. ఆ పది పాఠాలూ ఒక చిన్న పుస్తకంగా వేసి, ఆటోనగర్‌లో షెడ్డుకు ఒకటి, కూచిపూడిలో ఇంటికి ఒకటి ఇవ్వాలి. విద్యార్థుల కోసం పని ఆపుకొని నిలబడిన మేస్త్రికి ఆ పూట షెడ్డులో వచ్చే రాబడికి తగ్గకుండా విశ్వవిద్యాలయం చెల్లించాలి. పాఠం పైన రాసినవాళ్ల పేరుతోపాటు నేర్పినవాళ్ల పేరూ, ఊరూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ గురువు పేరూ అచ్చు వేయాలి.